బీడు – మన నేల

మన యిండ్లలో నిత్యము కంటికి కనబడుచు, ఎన్నడును మాటలోనికి రాని లోహము బీడు. గోదావరిఖనిలో ఏ గని కార్మికుని యింటికి పోయినను దీని యునికి కలదు. పొయ్యి మీది దోసెల పెనము బీడు. మూల నున్న పాత కుట్టుయంత్రపు శరీరమును, దానిని మోయు కాళ్లును బీడు. అంగడిలో కూరగాయలు తూచు ఆరుమూలల తూనికరాయి బీడు. వీధిలో మురుగుకాలువ గోతిపై నున్న బరువైన మూత బీడు. దీనినే గ్రంథములలో పోత ఇనుమందురు. సాగులేని భూమికిని ఈ లోహమునకును మన భాషలో పేరొక్కటియే. కాని ఆ బీడు దున్నినచో సాగులోనికి వచ్చును. ఈ బీడును సమ్మెటతో కొట్టినచో సాగదు, పగులును.

ఈ లోహమును గూర్చి వ్రాయుటకు మాకొక ప్రత్యేక కారణము కలదు. రామగుండము మొదలు కొత్తగూడెము వరకు గోదావరి లోయలో భూమి క్రింద రాక్షసిబొగ్గు పరచుకొని యున్నది. ఈ లోయకు ఇరుప్రక్కల నున్న జిల్లాలలో ఇనుపరాయి కలదు. పెద్దరాళ్ల సమాధులనాటి నుండియు ఇక్కడి జనులు ఇనుప పనిముట్లను వాడిరి. ఇనుము కలదు, బొగ్గు కలదు, పనివాడు కలడు. అయినను బీడు మాత్రము మనకు పరదేశముల నుండియు, పరప్రాంతముల నుండియు వచ్చినది. ఇట్లేల జరిగినది? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకినచో లోహపు గుణములే గాక మన సంఘపు గుణములు కొన్ని బయటపడుచున్నవి.

మొదట లోహమును గుర్తింపవలెను. ఇనుము, ఉక్కు, బీడు అను మూడును వేర్వేరు లోహములు కావు. ఒకే ఇనుములో చేరిన బొగ్గుసారము, అనగా కర్బనము, ఎంత యున్నదను దానిని బట్టి యీ భేదము కలుగుచున్నది. కర్బనము మిక్కిలి తక్కువగా నున్నది చేత ఇనుము. అది మెత్తన, సాగును, వంగును. నూటికి రెండు పాళ్లలోపల తగినంత కర్బనమున్నది ఉక్కు; అది గట్టిది, పదును నిలుపును. నూటికి రెండు పాళ్లు దాటి నాలుగు, నాలుగున్నర వరకు కర్బనమున్నది బీడు. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. కర్బనము నాలుగు పాళ్లకు మించినప్పుడు అదే ఇనుము 1150 డిగ్రీల దాపుననే కరగి నీరగును. బీడు యొక్క సకల గుణములకును, దోషములకును మూలమీ సంగతియే. సులభముగా కరగును గనుక అచ్చులో పోయవచ్చును. ఎట్టి వంకర రూపమైనను, ఎట్టి సన్నని అంచైనను ఒక్క పోతతో వచ్చును. సమ్మెటపని లేదు, అతుకులు లేవు.

ఇక దోషము. కరగిన బీడు చల్లారునపుడు అందలి కర్బనమంతయు ఇనుములో ఇమిడి యుండలేదు. సిలికాను కొంత కలిసి, నెమ్మదిగా చల్లారినచో, ఆ మిగులు కర్బనము సన్నని రేకులుగా విడిపడును. మన పిల్లల పెన్సిలు ములికిలో నున్న పదార్థమే యిది. ఇట్టి బీడును విరిచి చూచినచో విరిగినచోట బూడిదవన్నె కనబడును. వేగముగా చల్లారినచో కర్బనము ఇనుముతో గట్టిగా కూడి, విరిగినచోట వెండివలె తెల్లగా నుండును. అది మరింత కఠినము, మరింత పెళుసు. బూడిదవన్నె బీడులో నున్న ఆ సన్నని రేకులు లోహము నడుమ చీలికలవంటివి. బీడును లాగినను, వంచినను ఆ రేకుల అంచుల యొద్దనే పగులు బయలుదేరును. నొక్కినచో అట్టి భయము లేదు. లాగుటకు ఓర్చుదానికంటె మూడు నాలుగు రెట్లు ఒత్తిడిని బీడు ఓర్వగలదు. కావున బీడు స్తంభమగుటకు తగినది, దూలమగుటకు తగనిది. ఈ యొక్క మాట తెలియక మనుష్యులు ప్రాణములు పోగొట్టుకొన్నారు.

ఇంగ్లాండులో 1847వ సంవత్సరమున డీ అను నది మీద రైలువంతెన బీడు దూలములు విరిగి అయిదుగురు మరణించిరి. స్కాట్లండులో 1879వ సంవత్సరమున డిసెంబరు మాసపు గాలివాన రాత్రి టే నది మీది వంతెన నడిమి భాగము రైలుబండితో గూడ నీటిలో పడిపోయినది. బండిలోని వారు ఒక్కరును బ్రతుకలేదు. ఆ వంతెన స్తంభములు బీడువి; వానిని ఒండొంటితో కట్టు కడ్డీలు తగిలించు చెవులును బీడులోనే పోసిరి. గాలి త్రోపుడునకు ఆ చెవులు లాగబడి విరిగినవి. బరువు మోయుటకు పెట్టిన చోట బీడు నిలిచినది. లాగుడును భరింపుమన్న చోట విరిగినది. తప్పు లోహముది కాదు, దాని స్వభావమెరుగక పని అప్పగించిన వారిది. మనుష్యులకు పనులు అప్పగించు వారును ఈ నీతిని గమనింపవచ్చును.

రేకులవలన కీడే గాక మేలును కలదు. రేకులు అదురును మ్రింగును. కావుననే కడచెలు పట్టు యంత్రముల పీఠములను, కుట్టుయంత్రపు శరీరమును బీడుతో పోయుదురు. యంత్రము తిరుగుచున్నను సూది చలింపదు. రేకులు తామే కొంత నునుపు నిచ్చును గనుక రాపిడికి బీడు ఓర్చును. ఇంజనుల దిమ్మలును, చెరకుగానుగ దొర్లులును, చాలకాలము రైలుబండి చక్రములను పట్టి ఆపిన దిమ్మలును బీడుతో జేసినది ఇందువలననే. మట్టిలో పాతినను చేత ఇనుము వలె బీడు త్వరగా నశింపదు. ఫ్రాన్సు దేశమున వెర్సేల్ రాజోద్యానమునకు నీరు తెచ్చుటకై 1664లో వేసిన బీడు గొట్టములు మూడు శతాబ్దములకు మించి పనిచేసినవి. మన పల్లెలలోని చేతిపంపు క్రింద, నీటి అడుగున, కంటికి కనబడక పనిచేయు గొట్టమునకు పైకవచము బీడు, లోని పూత ఇత్తడి. తూనికరాతి సంగతి అందరెరుగవలసినది. 1956 నాటి చట్టముతో సేర్లు, వీశెలు పోయి కిలోగ్రాములు వచ్చినప్పుడు దేశమంతటను బీడు తూనికరాళ్లే వ్యాపించినవి. ఆ రాతిని తిరుగవేసి చూచినచో అడుగున చిన్న గుంట, అందులో సీసము, సీసముపై ప్రభుత్వపు ముద్ర కనబడును. పోతలో వచ్చిన స్వల్పమైన హెచ్చుతగ్గులను సీసముతో సరిచేసి ముద్ర వేయుదురు. ఆ సీసము లేని రాయి, ముద్ర చెరిగిన రాయి అంగడిలో కనబడినచో గృహిణి ప్రశ్నింపవలెను.

ఇప్పుడు చరిత్రకు వత్తము. ఉత్తర తెలంగాణములో ఇనుము తీయు కమ్మరులను ముద్ద కమ్మరులని పిలుచుచుండిరి. ఆ పేరులోనే వారి విద్య యంతయు నున్నది. మట్టితో కొలిమి కట్టి, అందులో కట్టెబొగ్గును, దంచిన ఇనుపరాతిని వరుసలుగా పోసి, తోలుతిత్తులతో గాలి ఊదుదురు. అట్టి కొలిమిలో రాతిలోని మలినము కరగి చిట్టెముగా కారిపోవును. ఇనుము మాత్రము కరగదు. అది ఎర్రగా కాగిన స్పంజు వంటి ముద్దగా అడుగున నిలుచును. కొలిమి పగులగొట్టి ఆ ముద్దను తీసి, సమ్మెటలతో మోది, మిగిలిన చిట్టెమును పిండివేయుదురు. ఇట్లు వచ్చునది చేత ఇనుము. నాగటికర్రు, కొడవలి, గొడ్డలి, బండిపట్టా యన్నియు దీనివే. ఒకవేళ గాలి మితిమీరి, వేడి హెచ్చి, ఇనుము కర్బనమును అధికముగా త్రాగి కరగినచో, చల్లారిన పిమ్మట అది సమ్మెట క్రింద పగులును. కొట్టి సాగదీయుటయే జీవనమైన వానికి పగులు లోహముతో పనిలేదు. కావున వానికి బీడు చెడిన ఇనుము మాత్రమే.

మన ప్రాచీన రసశాస్త్రజ్ఞులు కూడ ఈ భేదమును చూడకపోలేదు. రసరత్నసముచ్చయమను గ్రంథములో ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని మూడు తెగలుగా విభజించి, ముండమున మరల మృదువు, కుంఠము, కడారము అను మూడు భేదములు చెప్పబడినవి. మృదువు సాగునది, కుంఠము కష్టముతో సాగునది, కడారము కొట్టినచో విరుగునది, విరిగినచోట నల్లగా నుండునది. చూపు ఎంత సూక్ష్మమైనదో గమనింపుడు. అయితే ఆ గ్రంథకర్తల ప్రయోజనము ఔషధము. విరుగు ఇనుమును పోసి పాత్రయో, కర్రో చేయుదమన్న తలంపు వారికి పుట్టవలసిన యవసరము లేదు. ఆ తలంపు పుట్టవలసినది కొలిమి యొద్ద. కొలిమి యొద్ద నున్నవానికి ఆ గ్రంథము అందదు. చూచినవాడు వేరు, చేసినవాడు వేరు. ఈ యెడబాటును పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక.

ఇట్లని మన కమ్మరులు తక్కువ విద్య గలవారని తలపరాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము అను గ్రామమున తయారైన ఉక్కు పారశీక దేశమునకు పోయి, అచటి కత్తులకు ప్రాణమైనది. డమాస్కసు కత్తులని లోకమున ప్రసిద్ధి కెక్కిన వానికి దక్షిణ హిందూదేశపు ఉక్కే మూలద్రవ్యము. యూరపువారు దానిని వూట్జ్ అని పిలిచిరి. మన ఉక్కు అను మాటయే వారి చెవికట్లు వినబడినదని పలువురు పండితుల మతము. 1795లో ఇంగ్లండు రాయల్ సొసైటీ యెదుట జార్జి పియర్సను దీనిపై వ్యాసము చదివెను. విద్యుచ్ఛాస్త్రమున కీర్తిగాంచిన మైకేల్ ఫెరడే తన యౌవనమున ఈ ఉక్కు రహస్యమును ఛేదింప శ్రమించెను.

కోనసముద్రపు పనిని కన్నులార చూచి వ్రాసినవాడు హెన్రీ వాయిసీ. దేశము కొలత వేయుచుండిన ఆంగ్లేయుల సర్వే దళమునకు ఇతడు వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడును. 1820లో ఆ గ్రామమునకు పోయి, రెండు తావుల ఇనుములను కలిపి మట్టిమూసలలో నుంచి, మూతి మూసి, ఒక పగలును రాత్రియు ఊదుట చూచెను. ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడొకడు అచటనే బస చేసి, పాళ్లు దగ్గరనుండి తూపించి, ఉక్కును పరీక్షించి కొనుచుండుటయు వ్రాసెను. ఈ పనిని తమ దేశములో చేయ ప్రయత్నించి పారశీకులు విఫలులైరని కూడ అతడు తెలిపెను. వాయిసీ 1824లో మరణించెను. అతని వ్రాత 1832లో అచ్చుపడినది. ఆ ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. మరియొక్క అరపాలు హెచ్చినచో అది ఉక్కు కాదు, బీడు. అనగా కోనసముద్రపు కమ్మరి ప్రతిదినము బీడు గుమ్మము వరకు నడచి, ఆ గుమ్మము దాటకుండ నిలిచెడివాడు. కన్నుతోను, చెవితోను, మంటరంగుతోను కర్బనపు పాలును అంత సన్నముగా కొలుచుట సామాన్యమైన విద్య కాదు.

బీడు గుమ్మము దాటినవారు చీనావారు. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దము నాటికే వారు ఇనుమును కరగించి అచ్చులలో పోసిరి. ఎత్తైన కొలుములు, విరామము లేని బలమైన గాలి వారికి సాధనములు. నాగటికర్రులు, గొడ్డళ్లు, వంటపాత్రలు ఒక్క అచ్చున వందలు వేలుగా దిగెను. పెళుసుదనమును తగ్గించుటకు పోసిన వస్తువును మరల చాలసేపు వేడిమిలో నుంచి నెమ్మదిగా చల్లార్చు ఉపాయమును కూడ వారు కనుగొనిరి. యూరపులో మధ్యయుగముల వరకు బీడు కొలిమిలో కలిగిన ప్రమాదమే. పిమ్మట నీటిచక్రములతో తిత్తులు ఊదుట వచ్చి, కొలుములు ఎత్తు పెరిగి, బీడు ధారగా ప్రవహించినది. ఫిరంగులు పోసిరి, గుండ్లు పోసిరి. అయితే కట్టెబొగ్గు కొరకు అడవులు నరకబడెను.

ఈ కష్టమునకు ఉపాయము చెప్పినవాడు ఏబ్రహాం డార్బీ. ఇతడు ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్ గ్రామమున వంటకుండలు పోసి అమ్ముకొనువాడు. 1709లో రాక్షసిబొగ్గును ముందుగా కాల్చి, అందలి పొగను, గంధకమును చాలవరకు పోగొట్టి, కోకు చేసి, దానితో ఇనుమును కరగించెను. ఏడు దశాబ్దముల పిమ్మట, 1779లో, ఆ ప్రాంతముననే సెవెర్న్ నది మీద బీడుతో వంతెన నిలిపిరి. అది విల్లువలె వంచిన వంతెన. అందు ప్రతి భాగమును ఒత్తిడికి లోనగును గాని లాగుడునకు లోను గాదు. కనుకనే నేటికిని నిలిచి యున్నది. కుండలు పోయువాని కొలిమి నుండి యంత్రయుగము బయలుదేరినదనుట అతిశయోక్తి కాదు.

ఈ చవుకైన విదేశపు ఇనుము మన దేశమునకు ఓడలమీదను, పిమ్మట రైలుబండ్లమీదను వచ్చి చేరినప్పుడు ముద్ద కమ్మరి నిలువలేకపోయెను. అతని కొలిమి ఒక్కొక్కమారు ఒక్కొక్క ముద్దనే యిచ్చును. ప్రతి ముద్దకును కొలిమి పగులగొట్టవలెను. అడవి కట్టెకు ఆంక్షలు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి ఆ కొలుములు చాలవరకు చల్లారెను. కమ్మరి పనిముట్లు చేయువాడుగా మిగిలెను. ఇనుము తీయువాడు మాయమయ్యెను. కొందరు పొలములలో కూలీలైరి. ఊరిబయట చిట్టెపు దిబ్బలు మాత్రము నిలిచినవి. 2010లో బెంగుళూరు నందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయము కలిసి ఉత్తర తెలంగాణమున వెదకగా ఇట్టి పాత కొలుముల తావులు రెండువందలకు పైగా లెక్కకు వచ్చినవి.

కమ్మరి కొలుములు చల్లారుచున్న ఆ కాలముననే, 1871లో, భూగర్భశాస్త్ర శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున రాక్షసిబొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడి బొగ్గు త్రవ్వ పూనుకొనెను. 1920లో దానికి సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చినది. 1945లో నిజాము ప్రభుత్వపు వశమైనది. 1960 ప్రాంతమున రామగుండము చెంత గనులు తెరువబడి, గోదావరిఖని పట్టణము వెలసినది. ఇప్పుడైనను ఇనుపరాయియు, బొగ్గును ఒక్కచోట చేరినవి గదా, ఇంక బీడు ఏల పోయరాదని ఎవరైనను అడుగవచ్చును. ఇక్కడ ప్రకృతి అడ్డు చెప్పినది.

కోకు కాగల బొగ్గు వేరు, కాలేని బొగ్గు వేరు. గాలి తగులకుండ కాల్చినప్పుడు మొదటి తెగ బొగ్గు మెత్తబడి, ఒండొంటితో అంటుకొని, పిమ్మట రంధ్రములు గల గట్టి గడ్డలుగా బిగియును. పెద్ద కొలిమిలో మీద పోసిన రాయి, సున్నపురాయి బరువునంతటిని ఆ గడ్డ మోయవలెను; మోయుచు గాలికి దారి విడువవలెను. రెండవ తెగ బొగ్గు అట్లు బిగియదు. పొడియై గాలి దారిని మూసివేయును. మన గోదావరి లోయ బొగ్గు ఈ రెండవ తెగకు చెందినది. ఇది ఆవిరియంత్రమును త్రిప్పును, సిమెంటును కాల్చును, విద్యుత్తును పుట్టించును. పెద్ద కొలిమి కడుపులో మాత్రము నిలువలేదు. కోకు కాగల బొగ్గు బెంగాలు, బీహారు వైపున దొరకినది గనుక 1870లలో కుల్టీ యందును, 1911లో జంషెడ్‌పూరు నందును పెద్ద కొలుముల నుండి బీడు కారినది. ఆంధ్రుల కోరిక విశాఖపట్టణమున నెరవేరుటకు 1966 నాటి ఉద్యమము, అందు ప్రాణములర్పించిన వారి త్యాగము కావలసివచ్చెను. అచట 1990లో వెలిగించిన మొదటి పెద్ద కొలిమికి గోదావరి అని పేరిడిరి. గోదావరి పేరు గల కొలిమికి గోదావరి లోయ బొగ్గు కోకు కాజాలదు. కోకు బొగ్గు ఓడలలో పరదేశముల నుండి రావలెను.

అయినను కథ యంతటితో ముగియలేదు. కొత్తగూడెము చెంత పాల్వంచలో 1980లో ఒక కర్మాగారము ఆరంభమయ్యెను. స్పాంజ్ ఐరన్ ఇండియా అను ప్రభుత్వసంస్థ దానిని స్థాపించినది. తరువాత అది జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో చేరినది. అందు కోకు అక్కరలేదు. తిరుగు గొట్టపు కొలిమిలో ఇనుపరాతిని, సింగరేణి బొగ్గును కలిపి వేడి చేసెడివారు. ఇనుము కరగదు, రాతిలోని ప్రాణవాయువు మాత్రము పోయి, స్పంజువంటి ఇనుము మిగులును. పాఠకులు ఈ వర్ణనను పైన ఎచటనో చదివితిమని తలంతురు. నిజమే. ముద్ద కమ్మరి చేసినదియు ఇదియే. అతని కొలుములు చల్లారిన సుమారు నూరేండ్లకు, అదే సూత్రము విదేశపు యంత్రమై, సంయుక్తరాష్ట్రసమితి సహాయముతో అతని ముంగిటికి తిరిగి వచ్చినది. రామగుండమున 1983లో మొదటి యంత్రము తిరిగిన జాతీయ విద్యుత్కేంద్రము 2004 నాటికి 2600 మెగావాట్లకు పెరిగినది. నేడు పోతశాలలు పలుచోట్ల కోకును విడిచి విద్యుత్తుతోనే పాత ఇనుమును కరగించి బీడు పోయుచున్నవి. తిన్నగా ఇనుమును కరగింపలేని మన బొగ్గు, తీగెల మార్గమున పోయి కరగించుచున్నది.

ఇంటి విషయము కొంత చెప్పవలసి యున్నది. అల్యూమినియముతో పోల్చినచో బీడులో వేడి నాలుగవ వంతు వేగముతోనైనను ప్రాకదు. కావున బీడు పెనమును మందమైన మంటపై నెమ్మదిగా కాచవలెను. ఒకసారి కాగిన పిమ్మట దాని బరువు వలన వేడి నిలుచును. చల్లని పిండి పోసినను పెనము చల్లారదు గనుక దోసె సమముగా కాలును. కాగిన పెనముపై గుమ్మరించినట్లు చల్లని నీరు పోయరాదు; పైభాగము హఠాత్తుగా ముడుచుకొని పగులును. క్రొత్త పెనమునకు నూనె పలుచగా పూసి పలుమారు కాచినచో, ఆ నూనె గట్టిపడి నల్లని పొరగా అంటుకొని, తుప్పును, అంటుకొనుటను వారించును. చింతపండు పులుసును అందు మరగింపరాదు. ఆ పొర పోవును, కూర నల్లబడును. అయితే ఇనుపపాత్రలో వండినప్పుడు కొంత ఇనుము ఆహారములో చేరుట మేలే. 1999లో అచ్చయిన ఇథియోపియా దేశపు పరిశోధనలో ఇనుపకుండలలో వండిన ఆహారము తిన్న పిల్లలకు రక్తహీనత తగ్గినది. మన దేశమున 2019–21 నాటి కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. పెనమొక్కటే దీనికి మందు కాదు. ఆకుకూర, పప్పు, వైద్యుని సలహా అన్నియు కావలెను. ఇంటిల్లిపాది తినిన పిమ్మట మిగిలినది స్త్రీ తినవలెనను ఆచారము పోనంతవరకు ఏ లోహమును రక్తమును పెంచజాలదు.

పెనము కొనునపుడు దానిని చెవిదగ్గర వ్రేలాడదీసి వ్రేలి కణుపుతో కొట్టి చూడుడు. నిండైన ధ్వని వచ్చినచో మంచిది. బొంగురుగా పలికినచో లోపల పగులున్నది. ఈ పరీక్షను మా పట్టణపు గని కార్మికునకు ఎవరును నేర్పనక్కరలేదు. భూమి అడుగున అతడు తలపైనున్న రాతికప్పును కర్రతో తట్టి, ఆ ధ్వనిని బట్టి అది నిలుచునో కూలునో చెప్పును. కొయ్యదిమ్మె కిర్రుమన్న చప్పుడును బట్టి అడుగు వెనుకకు వేయును. ఇట్టి విద్య పుస్తకములలో నున్నదానికంటె అతని చెవిలోనే హెచ్చుగా నున్నది. నేడు భూగర్భపు గనులు ఒక్కొక్కటి మూతబడి, పైమట్టి తొలగించి యంత్రములతో త్రవ్వు గనులే అధికభాగము బొగ్గు నిచ్చుచున్నవి. ఆ చెవులు గల వృద్ధులు ఉద్యోగము విడిచి యిండ్లలో కూర్చుండి యున్నారు.

కోనసముద్రపు కమ్మరికి ఏమి సంభవించినదో చూచితిమి. లోకమంతయు కోరిన విద్య అతని చేతిలో నుండెను. అతని గ్రామమున అక్షరము తెలిసినవారు లేకపోలేదు. వారు అతని కొలిమి యొద్దకు పోలేదు. పోయి వ్రాసినవాడు పరదేశీయుడు, అతడు చూచినది కొలది దినములు. ఆ కొలది పుటలు లేనిచో నేడు ఆ మూసల పెంకులు ఏమి చెప్పునో మనకు తెలియుటయే కష్టము. చేతిపని నీచమనియు, అక్షరము ఉన్నతమనియు మనము చేసికొన్న విభజనకు మూల్యమిది. మహారాష్ట్రమున లక్ష్మణరావు కిర్లోస్కరు 1903లో ఇనుపనాగలి చేసినపుడు ఇనుము తగిలినచో నేల విషమగునని రైతులు కొనక నిలిచిరి. అక్షరమును, కొలిమియు కలిసిన ఆ మనుష్యుడు ఓపికతో ఆ భయమును పోగొట్టెను గనుక ఆ నాగలి దేశమంతట పాకినది. చేయువాడును, చదువువాడును ఒక్కడైనప్పుడు కలుగు ఫలమిది.

మా విన్నపమొక్కటే. ఈ వ్యాసమును చదువు గృహములలో బొగ్గుగనిలో పనిచేసిన తండ్రియో, తాతయో, పోతశాలలో అచ్చులు పోసిన మేనమామయో, ఊరి కమ్మరియో ఉండవచ్చును. సెలవుదినమున పిల్లలను వారి యొద్ద కూర్చుండబెట్టుడు. కప్పు ఎట్లు తట్టిరి, ఏ ధ్వనికి ఏ యర్థము, అచ్చుమట్టిలో ఏమి కలిపిరి, కరగిన లోహపు రంగు ఎట్లున్నప్పుడు పోసిరి అని అడిగించి, వారు చెప్పిన మాటలలోనే వ్రాయింపుడు. ఆ వ్రాతలో వ్యాకరణదోషములున్నను కొరత లేదు. ఇనుపరాయి భూమిలో ఎన్ని యుగములైన నుండును. పనివాని నేర్పు అతనితో గూడ పోవును.